లాభం ఎవరిది, నష్టం ఎవరిది? కొల్లేటి సీమలో పెట్టుబడిదారీ, సోషలిస్టు వాదాల లెక్క

భీమడోలు మండలం గుండుగొలనుకు ఉత్తరాన మెట్ట, దక్షిణాన కొల్లేరు, నడుమ కాలువ కింద వరి. మెట్ట మీద పామాయిల్ తోటలు, ఇంకా పైకి పోతే వర్జీనియా పొగాకు బ్యారన్లు, దిగువన చేపల చెరువులు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఉన్న ఈ కాస్త మేరలోనే సర్కారు ఆస్తి ఉంది, సహకార సంఘం ఉంది, ప్రైవేటు కంపెనీ ఉంది, ఊరుమ్మడి చెరువు ఉంది, కాగితం లేని కౌలు సేద్యమూ ఉంది. పెట్టుబడిదారీ విధానం మేలా, సోషలిజం మేలా అన్న పాత తగువును పుస్తకాల్లోంచి బయటికి తెచ్చి పరీక్షించాలంటే ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

ఇరుపక్షాల వాదనా అందరికీ తెలిసిందే. తనదనుకున్నవాడే కష్టపడతాడనీ, ఏ సరుకు ఎంత కావాలో ధర చెప్పినట్టు ఏ ఆఫీసరూ చెప్పలేడనీ ఒక పక్షం అంటుంది. భూమి, నీరు, యంత్రం కొద్దిమంది చేతుల్లో ఉన్నంతకాలం మిగతావాళ్ల స్వేచ్ఛ మాటల వరకేననీ, కష్టం ఒకరిదైతే ఫలం మరొకరిదవుతుందనీ రెండో పక్షం అంటుంది. రెండూ సగం సగం నిజాలే. ఏది ఎక్కడ నిజమో తేల్చాలంటే ప్రతి వ్యవహారాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. ఆస్తి ఎవరి పేర ఉంది? ధర ఎవరు చెబుతున్నారు? నష్టం వస్తే ఎవరు మోస్తున్నారు? మొదటి రెండింటి మీద మన వేదికలు దద్దరిల్లాయి. మూడోదాన్ని అడిగినవాళ్లు తక్కువ. ఈ సీమ అనుభవం చెప్పేది మాత్రం ఆ మూడోదాని గురించే.

వేదికల మీద నడిచిన వాదం

తెలుగునాట ఈ చర్చకు రెండు పెద్ద గొంతులున్నాయి. పుచ్చలపల్లి సుందరయ్య 1946లోనే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ పేరిట భూమి, నీరు, పరిశ్రమ ఎలా ఉండాలో లెక్కలు కట్టి రాశారు. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా జమీందారీని ఎంత గట్టిగా ఎదిరించారో, రైతు చేతిలోని భూమిని ఉమ్మడి చేస్తామన్నవాళ్లనూ అంతే గట్టిగా ఎదిరించారు. జమీందారు కింద ఉన్నా, సర్కారు కింద ఉన్నా రైతు కూలీయే అవుతాడన్నది ఆయన పట్టు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేస్తే, ఆయన కాంగ్రెస్‌ను వదిలి రాజాజీతో కలిసి అదే ఏడాది స్వతంత్ర పార్టీ పెట్టారు. ఆ పార్టీకి తొలి అధ్యక్షుడు ఆయనే.

నడుమ 1955 నాటి ఆంధ్ర శాసనసభ ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు అధికారానికి వస్తారని దేశమంతా అనుకుంది. సరిగ్గా ఎన్నికల ముందు, ఆ జనవరిలో, ఆవడి కాంగ్రెస్ ‘సోషలిస్టు తరహా సమాజం’ తన ధ్యేయమని ప్రకటించింది. కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా 196 స్థానాల్లో 15 మాత్రమే దక్కాయి. ఎదుటివాడి నినాదాన్ని తనది చేసుకున్నవాడు గెలిచాడు. ఆ దెబ్బతో వామపక్షం ఇక్కడ కనుమరుగేమీ కాలేదు. 1962లో ఏలూరు లోక్‌సభ స్థానం నుంచి సీపీఐ అభ్యర్థి వీరమాచనేని విమలాదేవి గెలిచారు. తాడేపల్లిగూడెం దగ్గరి బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మ తర్వాతి కాలంలో మార్క్స్ ‘కాపిటల్’ను మామూలు పాఠకులకు అందేలా తెలుగులో పరిచయం చేశారు. అదనపు విలువ అంటే ఏమిటో ఈ తరంలో చాలామంది ఆమె వల్లే తెలుసుకున్నారు.

ఈ రెండు వాదాలూ ఒకే మనిషి జీవితంలో కలిసిన సందర్భమూ ఉంది. 1972లో ముఖ్యమంత్రిగా భూపరిమితిని ముందుకు తెచ్చినవారు పి.వి. నరసింహారావు. 1991లో ప్రధానిగా లైసెన్సుల రాజ్యానికి తెర దించిందీ ఆయనే. ఆయన మాట మార్చారని ఒకరు, కాలాన్ని గుర్తించారని మరొకరు అంటారు. భూపరిమితి చట్టం 1973లో వచ్చి 1975 జనవరి 1 నుంచి అమల్లోకి దిగింది. ఐదుగురి కుటుంబానికి మాగాణి అయితే రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు మాత్రమే ఉండాలంది. చట్టం వస్తుందని ముందే తెలిసిన ఇళ్లలో భూములు కొడుకుల పేర, కోడళ్ల పేర, బంధువుల పేర సర్దుకున్నాయి. కాగితం మీద భూమి చీలింది గానీ సాగు మీద పెత్తనం చాలాచోట్ల కదల్లేదు.

కాలువ తవ్వింది ఎవరు?

డెల్టా రైతు స్వయంకృషి గురించి గొప్పగా చెప్పుకుంటాం, అందులో నిజముంది కూడా. అయితే ఆ కృషికి కింద ఉన్న నీరు ఏ రైతు పెట్టుబడీ కాదు. 1833 నాటి కరువు తర్వాత, ఆర్థర్ కాటన్ పట్టుదల మీద, 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డబ్బు ఖజానాది. అప్పటి ప్రభుత్వం ఈస్టిండియా కంపెనీది. లాభం కోసం పుట్టిన కంపెనీయే, శిస్తు పెరుగుతుందన్న లెక్కతోనైనా, ఏ ప్రైవేటు వ్యాపారీ తలపెట్టని పని తలకెత్తుకుంది. నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే ఏలూరు కాలువ ఒకనాడు గోదావరి పడవలను కృష్ణ దాకా నడిపింది, ఈనాటికీ సార్వాకు నీళ్లిస్తోంది.

ఆ నీటి మీద పండిన వరి మిగులే బియ్యం మిల్లయింది, సినిమా అయింది, కాంట్రాక్టు అయింది, హైదరాబాదులో కంపెనీ అయింది. కోస్తా రైతు కుటుంబాల నుంచి పుట్టిన పెట్టుబడి చరిత్ర చదివితే, దాని మొదటి పేజీ మీద కాలువ కనిపిస్తుంది. ఆక్వా చెరువులకు యూనిట్ కరెంటు రూపాయిన్నరకే ఇచ్చినా, పరిశోధన కేంద్రం కొత్త వంగడం ఇచ్చినా, రోడ్డు వేసినా అదే కథ. ఇక్కడ వ్యాపారం సర్కారుకు దూరంగా ఉండి పెరిగింది లేదు, సర్కారు భుజం మీద నిలబడి పెరిగింది. ఆ సంగతి ఒప్పుకున్నాకే, సర్కారు జోక్యం ఎందుకని అడగడం సబబు.

కొల్లేరు: పంచిన చెరువు, అద్దెకు పోయిన చెరువు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, లెక్కలేనన్ని డ్రెయిన్లు వచ్చి ఇందులో పడతాయి. సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. సరస్సు గర్భంలో 46, గట్టు మీద 76 గ్రామాలని లెక్క. మావులు పెట్టి, చిన్న వలలు వేసి కొర్రమేను, మట్టగిడస, ఇంగిలాయి పట్టుకుని బతికిన లంక గ్రామాల్లో నీరు ఎవరి పట్టా భూమీ కాదు. ఎవరు ఎక్కడ మావు పెట్టాలో ఊరి పెద్దలే చెప్పేవారు. కట్టుబాటు తప్పితే తప్పు కట్టించేవారు. ఇది సోషలిజం పుస్తకం చదివి పెట్టుకున్న ఏర్పాటు కాదు, మార్కెట్టూ కాదు.

1976 ప్రాంతంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ప్రభుత్వం మత్స్యకారులకూ పేదలకూ సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. రాజ్యాంగ పీఠికలో ‘సామ్యవాద’ అన్న మాటను చేర్చిన 42వ సవరణా ఆ ఏడాదిదే. ఉద్దేశం చూస్తే సోషలిస్టు విధానానికి ఇంతకన్నా చక్కని నమూనా ఉండదు. ఉత్పత్తి సాధనం పనిచేసేవాడి చేతికే వచ్చింది.

అక్కడి నుంచి ఏమైందో తెలియాలంటే ఒక పట్టుబడి రోజు చెరువు గట్టు మీద లెక్క చూడాలి. వేకువనే కూలీలు రొమ్ముల లోతు నీటిలో దిగి రెండు కొసల నుంచీ వల లాక్కొస్తారు. బొచ్చె, శీలావతి ఎగిరిపడుతూ ఒక మూలకు చేరతాయి. ట్రేలలోకి ఎత్తి కాటా వేస్తారు. గుమస్తా ట్రేల లెక్క రాసుకుంటాడు, నీటి బరువనీ మరొకటనీ తరుగు తీస్తాడు. దంచిన ఐసు వరుసలు పరిచి లారీ ఎక్కిస్తే అది హౌరా దారి పడుతుంది. ఆ రోజు ధర చెప్పేది చెరువు మీద ఉన్నవాడు కాదు, ఆ చివరనున్న మార్కెట్టు, దాని తరఫున ఇక్కడున్న బయ్యరు. వచ్చిన సొమ్ములోంచి ముందు మేత డీలరు అప్పు పోతుంది. తవుడుకీ చెక్కకీ అరువిచ్చింది అతనే గనుక సరుకు ఎవరికి అమ్మాలో అన్న మాటలోనూ అతనికి వాటా ఉంటుంది. తర్వాత కమీషను, డీజిలు, మందులు, చెరువు లీజు. మిగిలింది చెరువు చేసినవాడిది. మబ్బు పట్టిన రాత్రి నీటిలో ఆక్సిజన్ తగ్గి చేప తేలిపోతే ఆ నష్టమూ అతనిదే.

మరి సంఘ సభ్యుడు ఎక్కడ? చాలా సొసైటీ చెరువుల్లో అతను లీజు పద్దులో ఉన్నాడు. ఎకరాకు ఇంత అని బయటి పెట్టుబడిదారు కట్టిన సొమ్మును ఇళ్లవారీగా పంచుకున్నారు. గుడికీ, బడికీ, పండుగకూ కొంత తీశారు. ఎకరాల చెరువు తిప్పాలంటే పిల్లకీ మేతకీ లక్షల్లో పెట్టుబడి కావాలి. సంఘానికి చెరువు ఇచ్చిన సర్కారు ఆ పెట్టుబడికి అప్పు దారి చూపలేదు, మార్కెట్టు దారీ చూపలేదు. తన పేర చెరువున్న మనిషి అందులోనే వల లాగే కూలీ అయ్యాడు. దీన్ని సోషలిజం ఓటమి అనేవారున్నారు, పెట్టుబడి దోపిడీ అనేవారున్నారు. ఇంకో కోణం కూడా చూడాలి. ఏడాదికి ఒక్కసారి వచ్చే స్థిరమైన వాటా, నష్టభయం లేని సొమ్ము, అతనికి తెలిసే కావాలనుకున్నది. పేదవాడు లాభాన్ని వదులుకున్నది తెలివితక్కువై కాదు, ఒక్క పట్టుబడి దెబ్బతింటే మళ్లీ లేవలేడని తెలిసి. సభ్యుడిని ఆస్తిపరుణ్ని చేశారు గానీ నష్టాన్ని తట్టుకునేవాణ్ని చేయలేదు.

లీజు రుచి తెలిశాక చెరువులు సంఘాల హద్దుల్లో ఆగలేదు. గట్లు సరస్సు నడిబొడ్డుదాకా పాకాయి. 1999లో జీవో 120 ద్వారా సముద్రమట్టానికి +5 అడుగుల కాంటూరు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఒత్తిడితో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట పొక్లెయిన్లు దిగి గట్లు కొట్టేశాయి. చెరువులతో పాటు కూలి పనీ, లీజు వాటాలూ పోయాయి. జిరాయితీ రైతులు పరిహారం అడిగారు. కాంటూరును +3కి తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. 2025లోనూ ఆక్రమణల వ్యవహారం సుప్రీంకోర్టు ముందే ఉంది.

ఇక్కడ మూడో ప్రశ్న తిరిగి వస్తుంది. చెరువు చేసినవాడి లెక్కలో మేత ఉంది, లీజు ఉంది. వరద నీటికి అడ్డుపడ్డ గట్టు ఖరీదు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, ఆ నీళ్లన్నీ చివరకు చేరాల్సింది కొల్లేరుకే కదా అని అందరికీ గుర్తొచ్చింది. ఎగువ పొలాల మందులు, పట్టణాల మురుగు, చెరువుల్లోంచి వదిలిన నీరు కలిసినందువల్ల చచ్చిన చేపను మావు పెట్టుకునేవాడు ఏరుకున్నాడు. ఆ నష్టాన్ని ఏ బయ్యరూ ధరలో కలపలేదు, ఏ సొసైటీ తీర్మానంలోనూ రాయలేదు. సొంత ఆస్తి గట్లూ సొసైటీ ఆస్తి గట్లూ సరస్సును ఒకేలా మింగాయి.

భీమడోలు చక్కెర, తణుకు చక్కెర

సహకార చక్కెరకు తెలుగునేల పుట్టిల్లు. 1933లోనే అప్పటి విశాఖ జిల్లా ఏటికొప్పాకలో రైతులు సహకార పద్ధతిలో ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత అలాంటివి రాష్ట్రమంతా వచ్చాయి. గుండుగొలనుకు కూతవేటు దూరంలో, భీమడోలులో, పశ్చిమ గోదావరి సహకార చక్కెర కర్మాగారం వచ్చింది. అప్పట్లో అదే జిల్లాలో ఉన్న తణుకులో 1947లోనే ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తదితరులు ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. ఒకే నేల, ఒకే చెరకు, ఒకటి సభ్యులది, ఒకటి వాటాదార్లది.

తణుకు కంపెనీ చక్కెర దగ్గర ఆగలేదు. కాస్టిక్ సోడా, రసాయనాలు, ఆఖరికి ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం దాకా వెళ్లింది. చక్కెర చేదైన ఏడు మరొకటి ఆదుకుంది. సహకార ఫ్యాక్టరీకి ఆ వెసులుబాటు లేదు. చెరకు కనీస ధర ఢిల్లీ చెబుతుంది. 2013 దాకా లెవీ పేరుతో చక్కెరలో కొంత తక్కువ ధరకు సర్కారుకే ఇవ్వాలి. పాలకవర్గంలో ఎవరుండాలో రాజకీయం చెబుతుంది. ఎండీని సర్కారు పంపుతుంది. రైతుకు మిగిలింది బకాయిల కోసం ఎదురుచూడటం. పేరుకు సభ్యుడిదే గానీ నిర్ణయం ఏదీ సభ్యుడిది కాదు. 2000ల మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం సహకార చక్కెర ఫ్యాక్టరీలను అమ్మకానికి పెట్టింది. భీమడోలు ఫ్యాక్టరీ ఆంధ్రా షుగర్స్ చేతికి వచ్చింది.

ప్రైవేటు గెలిచిందని కథ ఇక్కడ ముగిస్తే బాగానే ఉంటుంది గానీ, చెరకు రైతు అంతకుముందే లెక్క వేసుకున్నాడు. కోత కూలి పెరిగింది, పంట పన్నెండు నెలలు భూమి మీద ఉంటుంది, డబ్బు ఆలస్యం. అతను వరికో, చేపకో, పామాయిల్‌కో మళ్లాడు. జిల్లాలో చెరకు విస్తీర్ణం తగ్గిపోయింది. చెరకు లేకపోతే యజమాని ఎవరైనా క్రషర్ తిరగదు. ఇంకో మాట. రాకెట్ ఇంధనం కొనే ఖాతాదారు సర్కారే. ప్రైవేటు సామర్థ్యానికి ఉదాహరణగా చెప్పే కంపెనీ వెనుక ప్రభుత్వ అంతరిక్ష కార్యక్రమం ఉంది. సహకార ఫ్యాక్టరీని ముంచినదీ సర్కారు చెయ్యే. మొదటిచోట సర్కారు కొనుగోలుదారుగా ఉండి ఊరుకుంది, రెండోచోట యజమానిలా కూర్చుంది. తేడా అక్కడుంది.

మెట్టలో: ఒక్కడే కొనేవాడుంటే

పొగాకులో ఒకనాడు కంపెనీ బయ్యరు చెప్పిందే గ్రేడు, ఇచ్చిందే ధర. 1975లో పొగాకు బోర్డు చట్టం వచ్చింది. ఆంధ్రలో 1985 నుంచి వేలం మొదలైంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి, గోపాలపురం వేలం కేంద్రాల్లో బేళ్లు వరుసగా పెడతారు, నడుస్తూ నడుస్తూ ధర పాడతారు. ఎవరు ఎంత పండించాలో బోర్డు చెబుతుంది, ఎంతకు కొనాలో పాట చెబుతుంది. పండించే దగ్గర ప్రణాళిక, అమ్మే దగ్గర మార్కెట్టు. ఇజాల పరంగా సంకరమే అయినా, బయ్యరు ఒక్కడి మాట మీద బతకడం కన్నా రైతుకు ఇది నయమైంది. పాటలో పదిమంది ఉన్నంతకాలమే ఆ నయం. కొనేవాళ్లు ముగ్గురు నలుగురికి తగ్గి, ఒకరి మొహం ఒకరు చూసుకున్న ఏడు వేలం పాట పేరుకే మిగిలి రైతు రోడ్డెక్కుతాడు.

పామాయిల్ ఇంకా విచిత్రం. గెల కోసిన 24 గంటల్లో ఆడించకపోతే నూనె నాణ్యత పోతుంది. కాబట్టి రైతు సరుకు పట్టుకుని బేరం కోసం తిరగలేడు. 1993 చట్టం కింద మండలాలను కంపెనీలకు పంచారు. ఆ జోన్ రైతు ఆ ఫ్యాక్టరీకే ఇవ్వాలి. ధర మాత్రం సూత్రం ప్రకారం సర్కారు నిర్ణయిస్తుంది. ముడి పామాయిల్ ధర ఎంత, గెలలో నూనె శాతం ఎంత అన్నది లెక్క. గొడవంతా ఆ నూనె శాతం దగ్గరే. సరిహద్దు అవతల అశ్వారావుపేటలో తెలంగాణ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ చూపించిన శాతం ఎక్కువ. ఏలూరు మెట్ట రైతులు ఏళ్ల తరబడి ఆ శాతమే మాకూ ఇవ్వమని పోరాడారు. సమాఖ్య నడిపే ఒక్క ఫ్యాక్టరీ, తన సరిహద్దు దాటి, ప్రైవేటు ఫ్యాక్టరీల ధరను నిలదీయడానికి కొలబద్ద అయింది. ప్రభుత్వ రంగం అంతా ఉండాలా వద్దా అని వాదించేవాళ్లు ఇది గమనించలేదు. అంతా అక్కర్లేదు, పోల్చి చూసుకోవడానికి ఒకటుంటే చాలు. దాని లెక్కలు తెరిచి ఉండాలి, అంతే.

అయినా పై నుంచి ఒక్క కాగితంతో అంతా మారుతుంది. ముడి పామాయిల్ దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచింది, 2025 మేలో 10కి దించింది. పెదవేగి రైతు ఎంత బాగా పండించాడన్న దానితో ఆ మార్పుకు సంబంధమే లేదు.

పేరు లేని సేద్యగాడు

డెల్టాలో ఈ రెండు వాదాలకూ అందనివాడు కౌలు రైతు. అతని లెక్క చూడండి. 2025–26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369. ఇక్కడి 75 కిలోల బస్తాకు దాదాపు రూ. 1,777. కౌలు బస్తాల్లోనే మాట్లాడుకుంటారు, ఎకరాకు ఇన్ని అని. దమ్ము, ఊడ్పు, ఎరువు, కోత మిషను అన్నీ ముందే చేతి నుంచి పోతాయి. కోత సమయానికి వాన పడి తేమ 17 శాతం దాటితే బస్తా ధరకు కోత పడుతుంది, కౌలు బస్తాలకు పడదు. తుపానుకు చేను పడిపోతే పరిహారం పాసుపుస్తకం ఉన్నవాడి ఖాతాకు పోయిన సందర్భాలు ఊరూరా వినిపిస్తాయి. మూడో ప్రశ్నకు ఇంత నికరమైన జవాబు మరెక్కడా దొరకదు. నష్టం మొత్తం ఒక్కడిదే, కాగితం మాత్రం మరొకరిది.

సోషలిస్టు తరహా చట్టం అతన్ని కాపాడాలనుకుంది. 1956 ఆంధ్ర కౌలు చట్టం భద్రత ఇస్తానంది. భద్రత ఇస్తే భూమి పోతుందని భయపడ్డ యజమానులు రాతకోతలు మానేశారు. కౌలు నోటి మాటయింది. ఒప్పందం ఇద్దరి ఇష్టమేనన్న మార్కెట్టు సిద్ధాంతమూ ఇక్కడ చతికిలపడింది. నోటి ఒప్పందం మీద బ్యాంకు అప్పివ్వదు. 2011 చట్టం రుణార్హత కార్డు ఇచ్చింది. 2019 చట్టం పదకొండు నెలల హక్కు పత్రం ఇచ్చింది, కానీ దాని మీద యజమాని సంతకం కావాలంది. సంతకం చేసేవాడైతే పత్రమే అక్కర్లేదు కదా అన్నది కౌలు రైతుల మాట.

అప్పు: మహిళా సంఘం, సూక్ష్మరుణ కంపెనీ

పేదకు అప్పు ఎవరివ్వాలన్న చోట ఈ తగువు దేశం కళ్లెదుట నడిచింది. డ్వాక్రా, వెలుగు కాలం నుంచి తెలుగునాట మహిళా సంఘాలు సర్కారు అండతో, పొదుపు పుస్తకాలతో పెరిగాయి. అదే వీధుల్లోకి సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. పూచీకత్తు లేదు, తిప్పలు లేవు, వారం వారం కట్టాలి. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఆ కంపెనీల శాఖలకు తాళాలు వేశారు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ కంపెనీ షేర్ల మార్కెట్లో అడుగుపెట్టింది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఒక్కసారిగా కూలిపోయాయి.

కంపెనీలు లేకపోతే పేదకు అప్పే లేదన్న వాదం తేలిపోయింది. సంఘాలున్నాయి. సంఘాలుంటే కంపెనీల అవసరమే లేదన్న వాదమూ తేలిపోయింది. అవసరానికి అందుతున్నది చాలకే ఒకే ఇంట్లో నాలుగు చోట్ల అప్పు పుట్టింది. తాకట్టు లేని అప్పుకు ఆ వాడలోని పరువే తాకట్టు. ఆ తాకట్టు లెక్క ఏ కంపెనీ బ్యాలెన్స్ షీటులోనూ లేదు.

తీర్పు చెప్పాల్సి వస్తే

మార్కెట్టు పక్షానికి దక్కాల్సినది దక్కాలి. ఫలానా చెరువులో ఫలానా చేప పెంచి హౌరాకు పంపమని ఏ ప్రణాళికా సంఘమూ చెప్పలేదు. సమాచారం వేలమంది దగ్గర చెల్లాచెదురుగా ఉంటుందనీ, దాన్ని కలిపేది ధరేననీ ఆర్థికవేత్త హయెక్ 1945లో రాసినదానికి కైకలూరు, ఆకివీడు చేపల వ్యాపారం కన్నా మంచి సాక్ష్యం లేదు. సోవియట్ ఉమ్మడి సేద్యం 1932–33 కరువుకు దారితీసింది. 1978లో షావ్‌గాంగ్ ఊరి రైతులు భూమిని ఇళ్లవారీగా పంచుకుని సాగు చేస్తే చైనా తన దారే మార్చుకుంది. రంగా భయం ఊరికే పుట్టింది కాదు.

సోషలిస్టు పక్షానికీ దక్కాల్సినది ఉంది. ఆనకట్టను మార్కెట్టు కట్టలేదు. వేలం కేంద్రం దానంతట అది పుట్టలేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చేదాకా డెల్టా పండించిన అన్నం డెల్టా కూలీకే నికరంగా అందలేదు. సుందరయ్య అడిగిన ప్రశ్న, పండించేవాడికి భూమి ఎందుకు లేదన్నది, కౌలు రైతు రూపంలో ఇంకా అలాగే ఉంది.

మూడో దారి ఒకటుందని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో పుస్తకం రాసి, 2009లో నోబెల్ అందుకున్నారు. చెరువు, మేత భూమి, చేపల వేట వంటి ఉమ్మడి వనరులను సర్కారూ ప్రైవేటూ కాకుండా వాడుకునేవాళ్లే నిలబెట్టుకోగలరని ఆమె లోకమంతటి ఉదాహరణలతో చూపించారు. అయితే హద్దు తెలియాలి, కట్టుబాటు వాళ్లే పెట్టుకోవాలి, కాపలా ఉండాలి, తప్పు చేసినవాడికి శిక్ష ఉండాలి. లంక గ్రామాలకు ఇవన్నీ ఉండేవి. కట్టుబాటులో ఎవరికి వాటా ఉంది, ఏ పేటకు లేదు అన్న చేదు ప్రశ్నా ఉండేది. ఉమ్మడి అన్నంత మాత్రాన సమానం కాదు.

కోర్టులూ ఈ మధ్యే ఈ మాట మీదికి వచ్చాయి. ప్రైవేటు ఆస్తి మొత్తం సమాజ వనరు కాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది. అదే నెలలో పీఠికలోని ‘సామ్యవాద’ మాటను తీసేయనక్కర్లేదని మరో తీర్పు వచ్చింది. ఏది సమాజానిది, ఏది మనిషిది అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలన్నదే రెండిటి సారం.

కొల్లేటి సీమలో ఆ తేల్చుకోవడం అంత కష్టమేమీ కాదు. ఒకడు గట్టు వేస్తే పదిమంది మునిగేచోట, అంటే సరస్సు, ఉప్పుటేరు, డ్రెయిన్ల దగ్గర, అమ్మకమూ వద్దు, పేదల పేరిట పంపకమూ వద్దు. +5 కాంటూరు ఉండాలి. లోపలున్న జిరాయితీ రైతుకు పరిహారం చేతికందాలి. లంక గ్రామాలకు వేట హక్కు రాతపూర్వకంగా దక్కాలి, అన్ని పేటలకూ వాటాతో. కొనేవాళ్లు పదిమంది ఉన్న చేప వంటి సరుకును మార్కెట్టుకు వదలాలి. సర్కారు కాటా, తరుగు, చెల్లింపు గడువు చూసుకుంటే చాలు. కొనేవాడు ఒక్కడే అయిన గెల, చెరకు దగ్గర మార్కెట్టని పేరు పెట్టి చేతులు దులుపుకోవడం అన్యాయం. అక్కడ లెక్కలు తెరిచిన ఒక సమాఖ్య ఫ్యాక్టరీ కొలబద్దగా ఉండాలి. భూమి యజమాని హక్కును కదపకుండానే, సాగు చేసేవాడి పేరు యజమాని సంతకంతో పని లేకుండా పొలం మీద నమోదు కావాలి.

వీటిలో కొన్నిటిని కుడి పక్షం సోషలిజం అంటుంది, కొన్నిటిని ఎడమ పక్షం లొంగుబాటు అంటుంది. అననివ్వండి. 1976లో చెరువు ఇచ్చినప్పుడూ, 2000ల మొదట్లో ఫ్యాక్టరీ అమ్మినప్పుడూ లాభం ఎవరికన్నది పెద్ద అక్షరాలతో రాశారు. నష్టం ఎవరికన్నది రాయకుండా వదిలేశారు. రాయని చోట దాన్ని మోసేది ఎప్పుడూ అందరికన్నా బలహీనుడే. గుండుగొలనుకు ఉత్తరానా దక్షిణానా ఏ జెండా ఎగిరినా ఇది మాత్రం మారలేదు. మార్చాల్సింది ఇదే.